వెన్ను తట్టిన చేయి



మన పిల్లల తెలుగు చదువును గురించి ఎప్పుడు మాట్లాడుకొన్నా పాఠ్యపుస్తకాలు సకాలంలో అందలేదనీ, ఖాళీ అయిన పంతులు ఉద్యోగం భర్తీ కాలేదనీ, తరగతిలో పిల్లల సంఖ్య తగ్గిపోతున్నదనీ మాట్లాడుకొంటాము. అవన్నీ మాట్లాడుకోవలసినవే. అయితే కాసు ఖర్చు లేనిదీ, ఏ కార్యాలయపు అనుమతీ అక్కరలేనిదీ ఒక పని మన చేతిలోనే ఉన్నది. ఒక పిల్లవాడో, పిల్లో ఎవరూ చెప్పకుండానే నాలుగు పద్యాలో ఒక చిన్న కథో వ్రాసికొని వచ్చి, సంకోచపడుతూ మన ముందు పెట్టినప్పుడు మనం ఏమంటాము? ఆ ఒక్క మాటను గురించి ఈసారి మీతో ముచ్చటించాలని అనుకొన్నాను.

ఇది నీతిబోధ కాదు, చరిత్ర. ఆధునిక తెలుగు సాహిత్యాన్ని నిలబెట్టిన పెద్దల జీవితాలను తిరగవేసి చూడండి. దాదాపు ప్రతివారి బాల్యంలోనో, తొలి యౌవనంలోనో ఒక గురువు కనిపిస్తాడు. విశేషమేమంటే, ఆ ఘట్టాలలో కొన్ని రాజమహేంద్రవరంలోనో గుంటూరులోనో కాక, మనవంటివారు నివసించే ఊళ్ళలోనే జరిగినవి. ఒకటి యానాంలో మొదలైనది, ఒకటి చెన్నపట్నంలో, ఇంకొకటి మైసూరులో. వాటిని వరుసగా చూద్దాము.

యానాంలో ఒక బాలుడు

చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు 1870లో కడియంలో జన్మించారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం యానాంకు చేరింది. అప్పటికి యానాం ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. గోదావరి ఒడ్డున చుట్టూ ఇంగ్లీషువారి సీమ, నడుమ ఫ్రెంచివారి జెండా, ఇళ్ళలో తెలుగు. ఈనాటి మన పరిస్థితికి అది అంత దూరమేమీ కాదు.

యానాంలో వెలసిన వేంకటేశ్వరస్వామిపై ఆయన లేత వయస్సులో ఒక శతకం చెప్పారనీ, అందులో వ్యాకరణదోషాలు ఉన్నాయని పండితులు ఎత్తిచూపారనీ, ఆ అవమానం ఆయనను బాగా బాధించినదనీ ఆయన జీవితకథలో చెప్పుకొంటారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. దోషాలు నిజంగానే ఉండి ఉండవచ్చు. పండితులు అబద్ధమాడలేదు. కాని ఆ మాటతో ఆ బాలుడు కలం పడవేసి ఉంటే మనకు తిరుపతి వేంకట కవులు లేరు, శతావధానాలు లేవు, ఊరూరా నాటకశాలల్లో పాండవుల పద్యాలు మారుమ్రోగడమూ లేదు.

ఆయన కలం పడవేయలేదు. వ్యాకరణం నేర్చి తీరాలన్న పట్టుదల పుట్టినది. ఆ పట్టుదలకు ఒక చోటు దొరకడమే అసలు విషయం. చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి వద్ద ఆయన శిష్యరికం చేశారు. అక్కడే దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు సహాధ్యాయిగా దొరికారు. ఒక గురువు వద్ద చదువుకొన్న ఇద్దరు విద్యార్థులు జంటకవులై, తెలుగుదేశమంతా తిరిగి, పండితుల గోష్ఠులలో మాత్రమే వినిపించే పద్యాన్ని సామాన్యుని నాలుకమీదికి తెచ్చారు. తప్పు చూపినవారికి, తప్పు దిద్దినవారికి మధ్య ఉన్న భేదం ఈ కథలో స్పష్టంగా కనిపిస్తుంది. చూపినవారు ఆ పద్యం దగ్గరే ఆగిపోయారు. దిద్దినవారు ఆ పిల్లవాణ్ణి తమ దగ్గర కూర్చోబెట్టుకొన్నారు.

బందరు బడిలో

ఆ వేంకటశాస్త్రిగారే తరువాత మచిలీపట్నంలోని హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులయ్యారు. ఒక హైస్కూలు తెలుగు పంతులు ఉద్యోగం, మీరూ నేనూ చేసే ఉద్యోగమే. ఆ బడి చదువుతోనో, ఆ శిష్యరికంతోనో ఎదిగినవారి పేర్లు చూడండి: విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేటూరి ప్రభాకరశాస్త్రి. ఒక్క గురువు చుట్టూ ఇంతమంది!

వీరు ఒకరివలె మరొకరు లేరు. ఇది ముఖ్యం. వేంకటశాస్త్రిగారి పద్యం ధారాళంగా, మాట్లాడుతున్నట్లు సాగుతుంది. విశ్వనాథవారి పద్యం ప్రౌఢమైనది, పాఠకుణ్ణి ఆపి ఆలోచింపజేసేది. గురువు పోకడకు శిష్యుని పోకడకు ఎంతో దూరం. పింగళి, కాటూరి గురువువలెనే జంటకవులై 'సౌందరనందము' వ్రాశారు, దానిని గురువుకే అంకితమిచ్చారు. ప్రభాకరశాస్త్రిగారు ప్రాచీన తాళపత్రాల పరిశోధనలో జీవితం గడిపారు. గురువు తన అచ్చులో బొమ్మలు పోసి ఉంటే ఈ వైవిధ్యం సాధ్యమయ్యేదా? తనవలె వ్రాయమని కాక, వ్రాయమని చెప్పిన గురువు ఆయన.

వేంకటశాస్త్రిగారి 'కథలు గాథలు' చదివినవారికి ఆయన తరగతి ఎట్లా సాగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఒక సంగతి మొదలుపెట్టి, అందులోనుండి మరొక సంగతికి, ఒక అవధానంలో జరిగిన చమత్కారానికి, ఒక జమీందారు కొలువులో జరిగిన వాదానికి వెళ్ళి, తిరిగి మొదటికి వస్తారు. అట్టి గురువు ఎదుట కూర్చున్న పిల్లలకు పద్యం పుస్తకంలోని పాఠంగా కాక, ఎదుట ఉన్న మనిషి నోట పుట్టే వస్తువుగా కనిపిస్తుంది. కవి అంటే ఎప్పుడో పోయినవాడు కాదనీ, రేపు నేను కూడా కావచ్చుననీ అనిపించడమే తొలి ప్రోత్సాహం.

విశ్వనాథవారు 'శ్రీమద్రామాయణ కల్పవృక్షము' అవతారికలో గురువును స్మరిస్తూ, తనవంటి శిష్యుడు ఉండే వైభవం నన్నయకూ లేదు, తిక్కనకూ లేదు, అది మా గురువుగారికే దక్కినదని సగర్వంగా చెప్పుకొన్నారు. అది గర్వోక్తిగా కొందరికి తోచవచ్చును. నాకు మాత్రం అందులో కృతజ్ఞతే కనిపిస్తుంది. తాను ఎంత పెద్దవాడనని చెప్పుకొన్నా, ఆ పెద్దరికమంతా గురువు ఖాతాలోనే జమకట్టారు. ఆ కావ్యానికి 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించినది. తెలుగుకు అదే మొదటిది. యానాంలో ఒక శతకానికి తప్పులు పట్టిన నాటినుండి జ్ఞానపీఠం దాకా ఒక త్రోవ ఉన్నది. ఆ త్రోవ నడుమ ఒక హైస్కూలు తరగతిగది ఉన్నది.

చెన్నపట్నంలో ఒక పోటీ

ఇప్పుడు చెన్నపట్నానికి రండి. 1899. మద్రాసు క్రైస్తవ కళాశాల. చదువంతా ఇంగ్లీషులో. ఆ కళాశాలలో తెలుగు విద్యార్థులకు ఆంధ్ర భాషాభిరంజని అనే సమాజం ఉండేది. ఆ సమాజం ఒక కావ్యరచన పోటీ పెట్టినది. చిత్తూరు దగ్గరి కట్టమంచి గ్రామంనుండి వచ్చిన, ఇరవై ఏళ్ళు నిండని విద్యార్థి ఒకడు ఆ పోటీకి 'ముసలమ్మ మరణము' అనే కావ్యం వ్రాసి బహుమతి గెలుచుకొన్నాడు. మరుసటి ఏడు అది అచ్చయినది. ఆ విద్యార్థియే కట్టమంచి రామలింగారెడ్డిగారు.

ఆ కావ్యంలో రాజులు లేరు, దేవతల స్వయంవరాలు లేవు. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడబోగా, ఊరిని కాపాడడానికి ప్రాణమిచ్చిన ఒక రైతు ఇంటి కోడలి కథ అది. పురాణం కాదు, స్థలచరిత్ర. తెలుగు కావ్యానికి అట్టి వస్తువు అప్పటికి కొత్త. ఇరవయ్యవ శతాబ్దపు నవ్యకవిత్వానికి దారి తీసిన తొలి రచనలలో దానిని విమర్శకులు లెక్కిస్తారు.

ఆ పోటీయే లేకపోతే ఆ కావ్యం పుట్టేదా? చెప్పలేము. అయితే ఒక మాట మాత్రం గమనించండి. తెలుగు రాజభాష కాని ఊరిలో, ఇంగ్లీషే బోధనభాష అయిన కళాశాలలో, కొందరు కలిసి ఒక సమాజం పెట్టుకొని, ఒక బహుమతి ప్రకటించి, గెలిచినదానిని చదివి మెచ్చుకొన్నారు. అందుకు పెద్ద ధనం అవసరం లేకపోయినది. వ్రాస్తే చదివేవారు ఉన్నారన్న నమ్మకం ఆ విద్యార్థికి కలిగినది. మన బడులలో మనం చేయగలిగినది సరిగ్గా ఇదే.

మైసూరులో ఒక నియామకం

మెప్పు పొందినవాడు ఆ మెప్పును మరొకరికి అందిస్తాడా? రెడ్డిగారి తరువాతి జీవితం అందిస్తాడనే చెబుతుంది. ఆయన కేంబ్రిడ్జిలో చదివి, తిరిగి వచ్చి, మైసూరు మహారాజా కళాశాలలో ఆచార్యులయ్యారు. ఆ రోజులలో మైసూరులో సంస్కృతం, సంగీతం అభ్యసిస్తున్న ఒక యువకుడు ఉండేవాడు. అనంతపురం సీమలోని రాళ్ళపల్లినుండి వచ్చినవాడు. పేరు అనంతకృష్ణశర్మ. ఆయనలోని ప్రతిభను గుర్తించి, 1912లో మహారాజా కళాశాలలో తెలుగు బోధించే ఉద్యోగం ఇప్పించినవారు రెడ్డిగారే. అప్పటికి శర్మగారికి పంతొమ్మిదేళ్ళు!

కన్నడసీమ నడిబొడ్డున, కన్నడ రాజు కట్టించిన కళాశాలలో, ఆ యువకుడు దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు చెప్పారు. కావ్యాలు వ్రాశారు, ప్రాకృత గాథాసప్తశతిని తెనిగించారు. 1928లో వేమనపై అనంతపురంలో ఉపన్యాసాలిచ్చారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షాన ఇచ్చిన ఉపన్యాసాలవి, అప్పుడు ఆ పరిషత్తుకు ఉపాధ్యక్షులు కూడా రెడ్డిగారే. పదహారేళ్ళ క్రితం వెన్ను తట్టిన చేయి మళ్ళీ తట్టినదన్నమాట. 'వేమన' అనే ఆ పుస్తకం ఈనాటికీ వేమనను గురించి తెలిసికోదలచినవారు చదవవలసిన గ్రంథం. తరువాతి కాలంలో శర్మగారు తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలను పరిష్కరించి, అనేక కీర్తనలకు స్వరరచన చేశారు. కన్నడంలోనూ 'గానకళె' వంటి గ్రంథాలు వ్రాశారు. 1979లో బెంగుళూరులో కన్నుమూశారు.

రెండు భాషల నడుమ పెరిగే పిల్లలను గురించి ఆందోళన పడే తల్లిదండ్రులకు శర్మగారి జీవితాన్ని చూపించండి. కన్నడం ఆయన తెలుగును తినివేయలేదు. రెండింటికీ ఆయన మేలు చేశారు. అది సాధ్యమైనది ఆయన ప్రతిభవల్లనే కావచ్చును. కాని ఆ ప్రతిభకు తెలుగు చెప్పుకొంటూ బ్రతికే చోటు ఒకటి, సరైన వయస్సులో, ఒక పెద్దవాడు చూపించాడు.

కలకత్తానుండి వచ్చిన మాట

గురువు తరగతిగదిలోనే ఉండనక్కరలేదు. గురజాడ అప్పారావుగారి కథ అందుకు సాక్ష్యం. చదువుకొనే రోజులలో విజయనగరంలో ఆయనకు ఆశ్రయమిచ్చి చేరదీసినవారు మహారాజా కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖరశాస్త్రిగారు. విద్యార్థిగా ఉండగానే అప్పారావుగారు 'సారంగధర' అనే కావ్యాన్ని ఇంగ్లీషులో వ్రాసి 1883లో ప్రచురించారు. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రికను నడిపే శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకొని తన పత్రికలో మళ్ళీ అచ్చువేశారు. అంతటితో ఊరుకోలేదు. ఎంత బాగా వ్రాసినా ఇంగ్లీషు పరభాషయేననీ, నీ మాతృభాషలో వ్రాస్తే నీ ప్రతిభ ఇంకా రాణిస్తుందనీ సలహా ఇచ్చారు.

ఆలోచించండి. తెలుగు రాని ఒక వంగదేశీయుడు, తెలుగు యువకునికి తెలుగులో వ్రాయమని చెప్పాడు. మెచ్చుకోకుండా ఆ సలహా ఇచ్చి ఉంటే అది మందలింపుగా ఉండేది. ముందు మెచ్చుకొన్నాడు, తరువాత దారి చూపాడు. 1892లో 'కన్యాశుల్కం' రంగస్థలమెక్కినది, 1897లో అచ్చయినది.

అందని చేయి

ఇప్పటిదాకా చెప్పినవి వినసొంపైన కథలు. చరిత్ర అంతా ఇట్లా లేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువాగారి బాల్యం చదవండి. కులం పేరిట బడిలోనూ, బడి బయటా ఆయన పడిన అవమానాలు ఎన్నో. పద్యం చదవబోతే సభలో కూర్చోనీయని పెద్దలు ఉన్నారు. విశ్వనాథవారూ ఆయనా ఒకే ఏడు పుట్టారు. ఒకరికి బందరు బడిలో మహాకవి గురువుగా దొరికారు, మరొకరికి బడి తలుపే సగం మూసి ఉన్నది.

అయినా అక్కడా ఒక చేయి కనిపిస్తుంది. జూపూడి హనుమచ్ఛాస్త్రిగారు ఆయనకు మేఘసందేశం, రఘువంశం వంటి సంస్కృత కావ్యాలు చెప్పారు. ఆ కాలంలో ఆ పని చేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలో ఊహించండి. జాషువాగారు తాను కూడా చాలాకాలం ఉపాధ్యాయులుగా పనిచేశారు. 1941లో వెలువడిన 'గబ్బిలము'లో మేఘానికి బదులు గబ్బిలంచేత సందేశం పంపారు. నేర్చుకొన్న మేఘసందేశం ఊరికే పోలేదు, ఆయన వేదనకు పాత్ర అయినది.

ఒక్కరు చదువు చెప్పినందుకు ఇంత ఫలం దక్కితే, ఎవరూ చెప్పనందువల్ల మనం పోగొట్టుకొన్న జాషువాలు ఎందరో! వారి పేర్లు ఏ చరిత్రలోనూ ఉండవు. ప్రోత్సాహం పొందినవారి కథలనే చరిత్ర దాచిపెడుతుంది, పొందనివారు పరీక్ష కాగితాల కట్టలలో కలిసిపోతారు.

నా ఎర్రసిరా

ఇది నేను ఊరికే అనడం లేదు. అట్టి కట్ట ఒకటి నా చేతిమీదుగా కూడా పోయినది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలు. తమిళనాడులో, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లె బడి. ఎనిమిదవ తరగతి చదివే ఒక బాలిక తన అవ్వను గురించి రెండు పుటలు వ్రాసి తెచ్చినది. రాగులు విసురుతూ అవ్వ పాడే పాటలు, ఆ తిరగలి చప్పుడుకు తాను నిద్రపోవడం, అవ్వ పోయిన తరువాత తిరగలి మూలన పడి ఉండడం. వ్రాసినది వారి ఇంటి భాషలో. 'వొస్తా వుండాది', 'యాడికో పొయ్యె' అని. నేను అప్పుడు కొత్త పండితుణ్ణి. ఎర్రసిరాతో ఒక్కొక్క మాట చుట్టూ సున్న చుట్టి, లెక్కపెట్టి, చివర 'నలభై రెండు తప్పులు' అని వ్రాసి ఇచ్చాను. 'ఇది తెలుగేనా?' అని కూడా అడిగాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకొన్నది. ఆ తరువాత పదవ తరగతి దాటేవరకు ప్రశ్నలకు జవాబులు తప్ప మరేమీ వ్రాయలేదు. మార్కులు బాగానే వచ్చాయి. నా బోధన ఫలించినదనే అనుకొన్నాను.

చాలా ఏళ్ళ తరువాత ఆమె తన కొడుకును వెంటబెట్టుకొని ఊరికి వచ్చినప్పుడు దారిలో కనిపించినది. పిల్లవాణ్ణి మన బడిలో చేర్చమ్మా, తెలుగు నేర్చుకొంటాడు అన్నాను. 'మాది తప్పు తెలుగు గదా సార్, వానికెందుకు లే' అన్నది. కోపంతో కాదు, నవ్వుతూనే. పిల్లవాడు అప్పటికే ఇంగ్లీషు బడిలో చేరాడు.

యానాంలో శతకానికి తప్పులు పట్టిన పండితులను గురించి చదివినప్పుడల్లా నాకు ఆ ఎర్రసిరా గుర్తుకు వస్తుంది. ఆ బాలునికి ఆ తరువాత ఒక గురువు దొరికాడు. ఈ బాలికకు నా తరువాత మరొక తెలుగు గురువు లేడు. మన ఊళ్ళలో చాలాచోట్ల ఒక బడికి ఒక్కరే తెలుగు ఉపాధ్యాయులు. మనం మూసిన తలుపును తెరిచేవారు మరొకరు ఉండరు. అందుకే ఆంధ్రంలోని ఉపాధ్యాయునికన్న మన బాధ్యత బరువైనది.

ఆమె వ్రాసిన ఆ భాష తప్పు కాదని ఇప్పుడు నాకు తెలుసు. పులికాటు సరస్సు చుట్టుపట్ల తెలుగువారి పలుకుబడిలో స.వెం.రమేశ్‌గారు వ్రాసిన 'ప్రళయకావేరి కథలు' చదివిన రోజున, ఆ బాలిక కాగితం నా దగ్గర ఉంటే ఎంత బాగుండునని అనిపించినది.

మనం చేయగలిగినది

రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించమని రాష్ట్రాలకు చెబుతుంది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన పిల్లల తెలుగు గంటలను గురించి ఎన్ని వినతులు, ఎన్ని వ్యాజ్యాలు నడిచాయో మీకు తెలుసు. ఆ పోరాటాలు సాగవలసినవే. కాని చట్టం గంటను ఇప్పించగలదు, ఆ గంటలో పిల్లవానికి వ్రాయాలనే కోరికను ఇప్పించలేదు. అది మన పని.

ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలు సొంతంగా వ్రాసినదానికి, పరీక్ష జవాబుకు భేదం పాటించండి. సొంత రచనను మొదటిసారి చదివేటప్పుడు కలం చేతబట్టకండి. ఏ మాట మీకు నచ్చినదో ఆ మాటను చూపి చెప్పండి, 'బాగున్నది' అని పొడిగా అనకండి. దిద్దవలసినది తప్పక దిద్దండి, అయితే ఒకసారికి ఒకటి రెండు చాలు. ఇంటి పలుకును కొట్టివేయకండి, దాని పక్కన పుస్తకపు మాటను వ్రాయండి, రెండూ తనవేనని చెప్పండి. నెలకొకసారి తరగతిలో ఒక రచనను పైకి చదివించండి. గోడపత్రిక పెట్టండి. చెన్నపట్నం కళాశాల సమాజం చేసినది ఇంతకన్న పెద్ద పనేమీ కాదు.

తల్లిదండ్రులారా, పిల్లవాడు తెలుగులో ఏదైనా వ్రాస్తే ఇంట్లో అవ్వకో తాతకో చదివి వినిపించమనండి. వారికి అక్షరాలు రాకపోవచ్చును, కాని కథ మంచిదో కాదో వారికి తెలుసు. 'దీనికి మార్కులు ఉన్నాయా?' అని మాత్రం అడగకండి.

ఆ తల్లి ఊరు వచ్చినప్పుడు మళ్ళీ కలుస్తానని ఎదురుచూస్తున్నాను. ఆ రెండు పుటలు జ్ఞాపకం ఉంటే మళ్ళీ వ్రాసి ఇమ్మని అడగాలి, ఈసారి గోడపత్రికలో పెట్టడానికి. ఇస్తుందో లేదో తెలియదు. మీ తరగతిలో మాత్రం ఈ వారమే ఎవరో ఒకరు మడిచిన కాగితం పట్టుకొని మీ బల్ల దగ్గరికి రావచ్చును. దయచేసి ఎర్రసిరా కలాన్ని పక్కన పెట్టి, ముందు చదవండి.

ఇక సెలవు.